ర్యాంపు కింద సున్నం గీత

మా వీధిలో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి ఈమధ్య మొదటిసారి కారు కొనుక్కుంటూ నన్ను సలహాకు తోడు తీసుకెళ్ళింది. ద్వారకా నగర్ దగ్గర్లో ఉన్న షోరూములో ఒకే కారు రెండు రకాలుగా పెట్టారు. ఒకదానికి మామూలు ఇంజను, రెండోదానికి టర్బో. అమ్మే కుర్రాడు రెండింటి హార్స్ పవరూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, "టర్బోకి పవర్ ఎక్కువ మేడమ్, ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది.

"రోజూ నువ్వు బండి ఎక్కువసార్లు ఆపి తీసేది ఎక్కడమ్మా?" అని అడిగాను.

"మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర అంకుల్. సగం జీవితం అక్కడే గడిచిపోతోంది."

"అయితే రెండూ అక్కడే నడిపి చూడు. ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే అసలు సంగతి తెలీదు."

ఆ కుర్రాడికి నా సలహా నచ్చలేదని మొహమే చెప్పింది. నాకూ ఆ మాట అనగానే నోరు చేదైంది. నలభై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు. చెప్పకపోగా, తెలిసి తెలిసి దానికి ఎదురు పని చేశాను. ఇంజన్ల గురించి చదువుకుంటున్న పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను.

నేను గోదావరి జిల్లాలో డిప్లొమా పూర్తిచేసి డెబ్బైల్లో విశాఖపట్నం వచ్చాను. మొదట కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక లారీ షెడ్డులో పని. పోర్టుకు ఇనుప ఖనిజం తోలే లారీలు అక్కడికి వచ్చేవి. సాయంత్రానికి మా చొక్కాలు, చెవులు, క్యారేజీ మూతలు అన్నీ ఒకటే ఎరుపు. గూడ్సు బండి పోతుంటే ఎవరి మాట ఎవరికీ వినిపించేది కాదు కాబట్టి షెడ్డులో అందరం అరిచి మాట్లాడుకునేవాళ్ళం. ఆ అలవాటు నాకింకా పోలేదని మా ఇంటావిడ ఫిర్యాదు.

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్‌గా చేరాను. పొద్దున్నే మద్దిలపాలెం దగ్గర కంపెనీ లారీ ఎక్కి, వెనక నిలబడి, సముద్రపు గాలికి కళ్ళు చికిలించుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఒకపక్క జీడితోటలు, సరుగుడు తోటలు. ఇంకోపక్క ఎర్రమట్టి గుట్టలు. గుట్టలు తవ్వి, డంపర్ బండ్లలో మట్టి మోసుకెళ్ళి, పల్లం పూడ్చడం మా పని. ఆ బండ్లను తిరిగేలా ఉంచడం నా పని.

మా డ్రైవర్లలో పెద్దాయన శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డ. ఆయన భార్య తమ్ముడు కూడా మా దగ్గరే డ్రైవరు. వాడు "బావా, బావా" అని పిలిచి పిలిచి, సైటు మొత్తానికి ఆయన బావ అయిపోయాడు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. వాడేమో అందరికీ బామ్మర్ది. ఇద్దరూ కంచరపాలెంలో పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు.

మా సైటులో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున మట్టి తవ్వే గుంతలోకి దిగే మొదటి బండి బావది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి, తొక్కించి, ఆయన దిగి మట్టి నింపుకుని ర్యాంపు, అంటే ఏటవాలు దారి, ఎక్కి పైకి వచ్చేదాకా ఇంకెవరూ ఇంజను స్టార్టు చేసేవాళ్ళు కాదు. కంపెనీ పెట్టిన నియమం కాదది. డ్రైవర్లు ఆయనకు తమంతట తాము ఇచ్చిన గౌరవం. జీతంలో పైసా తేడా లేకపోయినా, మొదటి బండి అంటే ఆయన మీసం కొంచెం పైకి లేచేది.

అలాంటి రోజుల్లో కంపెనీ రెండు కొత్త డంపర్లు తెప్పించింది. ఇంజను సైజు పాతవాటిదే. టర్బో ఒక్కటే అదనం. నన్ను దాని మీద శిక్షణకు వేరే ఊరు పంపారు. తిరిగొచ్చాక నా నడకే మారిపోయిందని సైటులో అనుకునేవాళ్ళట.

బావ బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "ఏటి బాబూ ఇది, ఇంజనికి నత్తగుల్ల అంటించీసేరు?" అన్నాడు. చూడటానికి అది నిజంగా ఇనుప నత్తలాగే ఉంటుంది.

"అదే టర్బో బావా. బయటికి పోయే పొగ దాని లోపల ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ కాలుతుంది, బలం వస్తుంది. పాత ఇంజను తన ఊపిరి తనే పీల్చుకోవాలి. దీనికి ఎగదోసేవాడు ఒకడున్నాడు."

"అంటే ఇడిసీసిన పొగ మళ్ళీ పన్జేత్తాదన్నమాట."

"నీ బీడీ పొగలాగ కాదు బావా," అన్నాడు పక్కనున్న బామ్మర్ది. "అది ఇడిసీసి నువ్వు తొంగోడమే గాని ఇంట్లో ఏ పనీ అవదని మా అప్ప సెప్తాది."

"మీ అప్పకి నాను పన్జేసినప్పుడు కళ్ళు కనపడవురా," అన్నాడు బావ.

ప్రాజెక్టు మేనేజరు నన్ను పిలిచి, మిగతా పాత డంపర్లను కూడా తీసేసి అన్నీ టర్బోవే తెప్పించమంటావా అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అన్ని విధాలా ఇదే మేలు సార్," అన్నాను.

"అన్ని విధాలా అంటే నాకు అనుమానమయ్యా. సోమవారం అందరి ముందూ పోటీ పెట్టి చూపించు."

ఆ కబురు సైటంతా పాకింది. పాత బండి బావ నడపాలి, కొత్తది బామ్మర్ది. ఓడినవాడు అందరికీ చేపల పులుసు పెట్టాలి. కొత్త బండి గెలిస్తే పాతవి పోతాయి, పాతవాటితో పాటు బావ మొదటి బండీ పోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆదివారం సైటుకు సెలవు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ముందురోజే మట్టి నింపించి ఉంచిన కొత్త బండిని గుంతలోకి దింపాను. మా పనిలో బండి బయల్దేరేది ఆ గుంతలోనే. మట్టి నింపే లోడరు ర్యాంపు మొదట్లో ఉంటుంది కాబట్టి, ముందు చక్రాలు అప్పటికే ఎత్తు మీద ఉంటాయి. నిండు బరువుతో, నిలబడిన చోటు నుంచి, ఎత్తు మీదికి తీయాలి. రోజంతా ప్రతి డ్రైవరూ చేసేది అదే.

బ్రేకు వదిలి క్లచ్ వదిలాను. ఇంజను వేగం పడిపోయి దిగజారిపోయింది. నల్లటి పొగ కక్కి, బండి వెనక్కి జారింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అంతే. అప్పుడు అర్థమైంది. నత్త తిరగాలంటే పొగ జోరుగా రావాలి. పొగ జోరుగా రావాలంటే ఇంజను అప్పటికే వేగంగా తిరుగుతూ ఉండాలి. అదింకా తిరగకముందు ఈ ఇంజను పాతదానికంటే బలహీనం, ఎందుకంటే టర్బో ఉందన్న ధీమాతో ఇంజను లోపల గాలిని నొక్కే ఒత్తిడి తగ్గించి తయారుచేశారు. పరుగెత్తేవాణ్ణి వెనక నుంచి తోసే చెయ్యి అది. కూర్చున్నవాణ్ణి లేవదీయదు.

తర్వాత బండిని వెనక్కి నడిపి, ర్యాంపుకు కొంచెం దూరంలో ఉన్న మలుపు దగ్గరికి, చదునుగా ఉన్న చోటికి తెచ్చాను. అక్కడి నుంచి తీస్తే ర్యాంపు చేరేలోపు నత్త ఈల వేయడం మొదలైంది. ఇంక ఆ ఎత్తు ఎత్తే కాదు.

ఇంజను ఆపి చాలాసేపు కూర్చున్నాను. రెండు ఇంజన్లకూ రెండు గుణాలు ఉన్నాయి, మన పనికి ఏది ఎంతవరకో చూసుకుందాం సార్ అని మేనేజరుతో చెబితే సరిపోయేది. నా నోటికి అది బరువైంది. అన్ని విధాలా మేలని ఆయనతో అనేశాను కదా. సర్వే వాళ్ళ గుడారంలో సున్నం బస్తా ఉంటే గుప్పిట్లో తెచ్చి, మలుపు దగ్గర, చదును నేల మీద గీత గీశాను. పోటీ ఇక్కడి నుంచి మొదలవుతుందని దాని అర్థం.

సోమవారం ఆ గీత ఎందుకు అక్కడుందని ఒక్కరూ అడగలేదు. ఫోర్‌మన్ గీశాడు, అంతే. బావ తన బండిని తెచ్చి, ముందు చక్రం సున్నం మీద పడకుండా, ముగ్గు తొక్కకూడదన్నంత జాగ్రత్తగా ఆపాడు. నేను రుమాలు ఊపాను. మొదట పాత బండే ముందుకు ఉరికింది. "బావా, బావా" అని అరిచారు. ర్యాంపు మొదలయ్యేసరికి నత్త ఈల వినపడింది. ఎత్తు మీద పాత బండి గేరు దించుకుంటూ, మూలుగుతూ ఎక్కుతుంటే కొత్త బండి పక్కనుంచి దాటిపోయి, పైన మట్టి ఒంపేసి, తిరిగి వస్తూ ఆయనకు ఎదురైంది.

బామ్మర్ది కిందికొచ్చి యాక్సిలరేటరు ఒకసారి బలంగా తొక్కి ఇంజను ఆపాడు. బావ బండి దిగి, కొత్త బండి బానెట్ మీద చెయ్యేసి, "బాగా పోనాదిరా," అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "నా కాలు లేటయిపోనాది బాబూ. గేరు దించడం ఆలీసం సేసీసేను," అన్నాడు.

లేదు బావా అనడానికి అదే సమయం. మేనేజరు నా భుజం తట్టాడు. నేను ఆ చెయ్యి వైపు తిరిగాను.

ఆ వారమే బావ భార్య పులుసు వండి పంపింది. సరుగుడు చెట్ల నీడలో అందరం కూర్చుని తిన్నాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఇప్పటికీ ఆ పులుసు రుచి గుర్తుంది, అదే నా బాధ.

పాత డంపర్లు ఒక్కొక్కటే అమ్ముడైపోయాయి. బావ బండికి మాత్రం తొట్టె తీసేసి నీళ్ళ ట్యాంకు బిగించాం. దుమ్ము లేవకుండా దారుల మీద నీళ్ళు చల్లుకుంటూ తిరగడం ఆయన పని అయింది. మొదటి బండి బామ్మర్దికి వచ్చింది. వాడు మొదటిరోజు నిమ్మకాయ తొక్కించే ముందు దిగి బావ కాళ్ళకు దండం పెట్టాడు. "నాకెందుకురా, నత్తకెట్టు," అని ఆయన నవ్వించాడు.

కొత్త బండ్లతో తిప్పలు నెమ్మదిగా బయటపడ్డాయి. మన డ్రైవర్లకు ఇంజను ఆపేముందు ఒకసారి బుర్రుమని తొక్కి ఆపడం అలవాటు. టర్బోకి అది విషం. లోపలి చక్రం మహా వేగంగా తిరుగుతుండగా ఇంజను ఆగితే నూనె అందక అది మాడిపోతుంది. ఒక బీడీ కాలేంతసేపు ఇంజన్ను ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపమని చెప్పాను. దానికి వాళ్ళు నత్త బీడీ అని పేరు పెట్టారు. బీడీ అలవాటు లేనివాళ్ళు కూడా ఆ పేరు చెప్పుకుని చెట్టు కింద కూర్చునేవాళ్ళు. ఇది వాళ్ళకు మనస్ఫూర్తిగా నేర్పాను. గుంతలోంచి బయల్దేరే సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే గీత సంగతి వస్తుంది. ఎండాకాలంలో గట్టి నేల మీద వాళ్ళు ఎలాగో క్లచ్ సగం తొక్కిపట్టి లాక్కొచ్చారు.

వానలు పడ్డాక ఆ ఆట సాగలేదు. ఒక మధ్యాహ్నం జోరువానలో బామ్మర్ది బండి గుంత అడుగున కదలనంది. వాడు క్లచ్ సగం మీద పట్టి పట్టి ప్లేటు కాల్చేశాడు. ఆ కాలిన వాసన వానలో కూడా పైదాకా వచ్చింది. క్లచ్ పోవడంతో తొట్టె లేపి మట్టి ఒంపడానికి కూడా వీల్లేదు. గుంతలోకి నీళ్ళు దిగుతున్నాయి. బండి వెనక లోడరు కూడా చిక్కుపడింది. ఇంకాసేపైతే రెండూ మునుగుతాయి.

మనుషులు పారలతో సగం మట్టి దించారు. ఇంతలో బావ, ఎవరూ పిలవకుండానే, నీళ్ళ బండిని ర్యాంపు మీద వెనక్కి నడుపుకుంటూ వచ్చాడు. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. చక్రాలకు పట్టు దొరకాలంటే ఆ బరువు కావాలి. ఇనుప తాడు కట్టారు.

"ఏటి బావా, నన్ను నీళ్ళ బండితో లాగుతావేటి? పరువు పోతాది," అన్నాడు బామ్మర్ది తడిసి వణుకుతూ.

"పరువు తరవాత ఎతుక్కుందుగాన్లే. ముందు బ్రేకు ఇడుసు."

పాత ఇంజను తన ఊపిరి తనే పీల్చుకుంటూ, ఎక్కడా దిగజారకుండా, నడిచే మనిషికంటే నెమ్మదిగా కదిలింది. వెనక నుంచి లోడరు తోసింది. రెండు బండ్లూ ర్యాంపు ఎక్కి వచ్చాయి. ఈలలు, అరుపులు. బావ దిగి ముందు టైరు మీద పడ్డ బురద చేత్తో తుడిచాడు.

మేనేజరు గొడుగు కింద నిలబడి, "ఏమయ్యా, పోటీలో గెలిచిన బండి ఇదేనా?" అన్నాడు.

"క్లచ్ కాలింది సార్. డ్రైవరు ఎక్కువసేపు సగం తొక్కిపట్టాడు."

"అంటే డ్రైవరు తప్పేనా?"

నేను వంగి ఇనుప తాడు విప్పసాగాను. ఆయనకు అదే జవాబైంది. బామ్మర్దిని మళ్ళీ కబురు చేసేదాకా పనిలోకి రావద్దన్నారు. వాడు నావైపు చూశాడు. నేను క్లచ్ వైపు చూశాను.

మర్నాడు పొద్దున మేనేజరు గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆదివారం, గుంత, మలుపు, సున్నం. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన టీ తాగడం పూర్తిచేసి, "ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు సార్."

"అయితే చెప్పకు. పాతవి అమ్మేశాం, కొత్తవి వచ్చేశాయి. ఆ కుర్రాణ్ణి పిలిపించు. గుంతలోంచి ఎలా తీయాలో అందరికీ నేర్పు. లోడరు నిలబడే చోటు చదును చేయించు."

అన్నీ చేశాను. బండ్లు బాగానే నడిచాయి. ఆ ఉత్తర్వులో నాకు అన్నిటికంటే హాయిగా అనిపించిన మాట "చెప్పకు" అన్నది. ఆ హాయి గురించి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక్క పని మాత్రం నా అంతట నేను చేయబోయాను. తర్వాత ఇంకో కొత్త బండి వచ్చినప్పుడు బావ దగ్గరికి వెళ్ళి, "ఇది నువ్వెక్కు బావా. మొదటి బండి మళ్ళీ నీదే," అన్నాను.

ఆయన నీళ్ళ గొట్టం చుట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "వొద్దు బాబూ. పరుగున్న బండికి పరుగున్న కాలుండాల. నా కాలు సంగతి ఆ రోజే అందరూ సూసీసేరు కదా."

ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది. నా నోట్లోనే ఉంది. ర్యాంపు కింద గీసిన గీత అప్పటికి వానకు కొట్టుకుపోయింది గానీ, ఆయన కాలి మీద నేను గీసింది అలాగే ఉంది. "సరే బావా, నీ ఇష్టం," అన్నాను. పని పూర్తయ్యేదాకా ఆయన నీళ్ళ బండే నడిపాడు. తర్వాత నేను వేరే కంపెనీకి, వేరే ఊళ్ళకు వెళ్ళిపోయాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఈ ఊరికే తిరిగొచ్చినా, కంచరపాలెం వైపు వెళ్ళాల్సి వస్తే వేరే దారి పట్టేవాణ్ణి.

షోరూము నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం ఆటో ఎక్కి అక్కడికే వెళ్ళాను. బావకు ఎనభై దాటాయి. వీధి గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవులు సరిగా వినపడవని ఆయన భార్య చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను మెల్లగా మొదలుపెట్టాను. "ఏటీ?" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడే గూడ్సు బండి వచ్చింది. ఇంక ఆగితే మళ్ళీ చెప్పలేనని, షెడ్డు రోజుల గొంతుతో, ఆ చప్పుడు మీదుగా అరిచి చెప్పాను. ఆదివారం గుంతలో బండి జారిందని, తెలిసే గీత మలుపు దగ్గర గీశానని, నీ కాలు తప్పేమీ లేదని. చివరి పెట్టె దాటిపోయేసరికి నా గొంతు ఒక్కటే మిగిలింది. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు.

ఆయన బీడీ వెలిగించాడు. నేను కూర్చున్నాను. నత్త బీడీలాగే దాన్ని చివరిదాకా కాలనిచ్చాడు. నేర్పింది నేనే కాబట్టి ఆగాను.

"అయితే బాబూ," అన్నాడు చివరికి, "గోతిలోంచి తీసుంటే నా బండి గెలిసేదేటి?"

అవునని చెప్పాలనిపించింది. ఆయనకు ఇంకో అబద్ధపు గీత గీయడం ఇష్టంలేక ఉన్నది గట్టిగానే చెప్పాను. "మొదట నువ్వే ముందుండేవాడివి బావా. సగం ర్యాంపు దాకా. ఆ తర్వాత నత్తకు ఊపిరి అందుకునేది. పైకి అదే ముందు చేరేది."

"సగం దాకా నానేనా?"

"సగం దాకా నువ్వే. వాడు నీ వెనక దుమ్ము తింటూ వచ్చేవాడు."

ఆయన మొహం నెమ్మదిగా విప్పారింది. ఇంట్లోకి తిరిగి, "ఇన్నావేటే? నా కాలు లేటు కాదంట," అన్నాడు.

"ఇన్నాను. ఈదీ ఈదంతా ఇన్నాది," అంది ఆమె టీ గ్లాసులతో వస్తూ. "అలాగైతే ఆ రోజు పులుసు సగం మా తమ్ముడు ఎట్టాల. పక్కింట్లోనే ఉన్నాడు, పిలవమంటావేటి?"

ఆయనకు ఆ మాట వినపడలేదు. కుడికాలు చెప్పులోంచి బయటికి తీసి, గచ్చు మీద మడమ ఆనించి, మునివేళ్ళతో యాక్సిలరేటరు తొక్కినట్టు కొద్దికొద్దిగా కిందికి తొక్కుతున్నాడు. తొందర లేకుండా, ఎక్కడా దిగజారనివ్వకుండా.